కలసిన నగరము, విడదీసిన నగరము: శాలిబండ దారిలో మిశ్రమ భూవినియోగ వాద సమీక్ష

వాదమునకు నేటి సందర్భము

చార్మినారునుండి బయలుదేరి, మక్కా మసీదు ప్రక్కగా దక్షిణమునకు సాగి, శాలిబండ, సయ్యదలీ చబూత్ర, అలియాబాదు, శంషేర్‌గంజుల మీదుగా ఫలక్‌నుమాను చేరు రాజమార్గమునకు ఇరుదెసల నున్న కట్టడములలో, క్రింద మడిగెయు, మీద కాపురమును, వెనుక గల్లీలో కార్ఖానాయు నుండుట అనేక తరములుగా వచ్చుచున్న ఏర్పాటు. ఇట్లు నివాసము, వర్తకము, వృత్తి ఒక్క కప్పు క్రిందనో ఒక్క వీధిలోనో ఇమిడియుండుటను నగర ప్రణాళికావేత్తలు మిశ్రమ భూవినియోగమని వ్యవహరింతురు. ఇరువదవ శతాబ్ది నడుమ దీనిని రోగమని యెంచి శస్త్రచికిత్సకు పూనుకొనిన శాస్త్రమే, ఆ శతాబ్ది ముగియునాటికి దీనిని ఆరోగ్యలక్షణమని కొనియాడసాగెను. శాస్త్రము మనసు మార్చుకొనినను చట్టములు, పటములు, అనుమతి పత్రములు అంత వేగముగ మారలేదు. వాదము చిక్కుపడుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము రెండు సంఘటనలలో కనబడును. 2024 మార్చి 8న పాతబస్తీ మెట్రో మార్గమునకు ఫలక్‌నుమా చెంత శంకుస్థాపన జరిగెను. మహాత్మాగాంధీ బస్ స్టేషను నుండి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లు సాగు ఆ మార్గమున శాలిబండ పేరిట ఒక స్టేషను నిర్ణయింపబడినది. స్టేషనుల చుట్టును ఇండ్లను, అంగళ్లను, కచేరీలను మరింత దట్టముగా కలుపవలెనని రవాణా ప్రణాళికలు బోధించును. ఏడాది దాటిన కొలదికాలమునకే, 2025 మే 18 ఉదయమున, చార్మినారుకు ఉత్తరాన గుల్జార్ హౌజ్ చెంత, క్రింద దుకాణములు మీద కాపురముగల ఒక కట్టడమున నిప్పంటుకొని 17 మంది మరణించిరి. వారిలో ఎనిమిదిమంది పిల్లలు. మొదటి సంఘటన కలుపుమని, రెండవది విడదీయుమని చెప్పుచున్నట్లు తోచును.

నేడు మెట్రో అధికారులు, భవన నిర్మాతలు, వారసత్వ పరిరక్షకులు, చిల్లర వర్తకులు అందరును మిశ్రమ నగరమునే కోరుచున్నట్లు కనబడుదురు. కాని వారు కోరు మిశ్రమములు ఒకటి కావు. తరతరముల వాడుకవలన పేరుకొనిన మిశ్రమమొకటి, నిబంధనల సడలింపువలన రోడ్డు పొడవున మొలచిన మిశ్రమమొకటి, పెద్ద కమతముపై ఒక్క యజమాని చేత గీయించి కట్టించిన మిశ్రమమొకటి. ఈ మూడింటిని ఒకటిగా భావించి వాదించుటవలననే ఒకరి మాటకు మరొకరి జవాబు సరిపడకున్నది. వాద చరిత్రను, పక్షములను, తేలని అంశములను వరుసగా పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పూర్వరంగము: సంత ముందు, కాపురము వెనుక

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా గోలకొండ కోటలోని ఇరుకును విడిచి మూసీకి దక్షిణ తీరమున నూతన నగరమును నెలకొల్పినప్పుడు, పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ పర్యవేక్షణలో రూపొందిన ప్రణాళిక చార్మినారును నడిబొడ్డున నిలిపి, నాలుగు దిక్కులకు నాలుగు దారులను తీర్చెను. ఉత్తరాన చార్‌కమానుల నడుమ గుల్జార్ హౌజ్, దారుల అంచున అంగళ్లు, వాని వెనుక మహల్లాలు అమరినవి. నివాసమునకొక పేట, వర్తకమునకొక పేట అను విభజన ఇందు లేదు. ఉన్న విభజన దారినుండి లోతును బట్టి యేర్పడినది. రాజవీధి అంచు కొనువానిది, గల్లీ మొగము పనివానిది, గల్లీ లోతు కుటుంబముది. లాడ్‌బజారు గాజుల అంగళ్లకు వెనుకనున్న గల్లీలలో లక్కను కరిగించి, గాజుగా చుట్టి, రాళ్లు తాపు పనివారి ఇండ్లుండుట ఈ లోతుల అమరికకు నేటికిని నిలిచిన దృష్టాంతము. ఆ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆసఫ్‌జాహీల కాలమున దీనిపై దేవిడీల పొర చేరెను. ఎత్తైన గోడలు, ఏనుగు దూరునంతటి ద్వారము, లోపల ఆవరణల మీద ఆవరణలు గల ప్రభువుల దేవిడీ ఒక చిన్న ఊరివంటిది. బంధువులు, గుమాస్తాలు, పరిచారకులు, పనివారు దాని చుట్టునే జీవించిరి, రోడ్డువైపు మడిగెలు కిరాయికి ఇయ్యబడెను. శాలిబండలోని రాయ్‌రాయన్ దేవిడీ అట్టిది. 1904లో నిలిచిన గడియార స్తంభము ఆ కుటుంబ వైభవమునకు గుర్తుగా నేటికిని దారి ప్రక్క నున్నది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలియుట, 1949లో జాగీర్ల రద్దు, అధికార కేంద్రము మూసీకి ఉత్తరమునకు జరుగుట అను మూడు పరిణామములు ఈ వ్యవస్థ ఆధారమును తొలగించెను. ఆదాయములేని దేవిడీలు వారసుల నడుమ ముక్కలై, కొన్ని షాదీఖానాలుగను, కొన్ని వర్తక సముదాయములుగను, మరికొన్ని ఒక్కొక్క గదికొక కుటుంబము చొప్పున కిరాయి ఇండ్లుగను మారినవి. కావున శాలిబండలో నేడు కనబడు మిశ్రమమంతయు కుతుబ్‌షాహీ వరప్రసాదమనుట చారిత్రకముగా సరికాదు. దానిలో ఒక పెద్ద భాగము ఇరువదవ శతాబ్దిలో సంపద తరలిపోయిన తరువాత మిగిలినవారు చేసికొనిన సర్దుబాటు.

ఆరాయిష్-ఎ-బల్దా: రెండు పద్ధతులు, ఒక్క సంస్థ

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద నగరమును అల్లకల్లోలము చేయగా, మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదల నివారణతోపాటు నగర పునర్నిర్మాణమును గూర్చియు నిజాము ప్రభుత్వమునకు సూచనలు చేసెను. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు ఆ సూచనల ఫలితములు. 1912లో ఆరాయిష్-ఎ-బల్దా, అనగా నగర అభివృద్ధి బోర్డు, ఏర్పడెను. ఈ సంస్థ కృషిని పరిశీలించినచో నేటి వాదమున పరస్పర విరుద్ధములుగా తోచు రెండు పద్ధతులు ప్రక్కప్రక్కన కనబడును. కిక్కిరిసిన బస్తీలను తొలగించి, నివాసులకు మల్లేపల్లి మొదలైన చోట్ల గాలి వెలుతురుగల ఇండ్ల వరుసలను కట్టించుట ఒక పద్ధతి. అచ్చట నివాసమే ప్రధానము. చార్‌కమానుకు ఉత్తరాన పత్థర్‌గట్టిని పడగొట్టి వెడల్పుచేసి, రోడ్డుకు ఇరువైపుల రాతి కమానుల వరుసను నిలిపి, క్రింద దుకాణములు, మీద నివాసములు ఉండునట్లు కట్టించుట రెండవ పద్ధతి. దాని సమీపమున లేచిన మదీనా బిల్డింగు క్రింద అంగళ్లతోను మీద కాపురములతోను పత్థర్‌గట్టి నమూనానే అనుసరించెను; దాని కిరాయి మదీనా వాసుల సహాయార్థము వక్ఫుగా నియమింపబడినది.

పత్థర్‌గట్టి ఈ చర్చలో తరచుగా మరువబడు ప్రమాణము. అది యాదృచ్ఛికముగా పేరుకొనిన మిశ్రమము కాదు; ప్రభుత్వము గీసినది. అయినను ఒక్క పెద్ద కట్టడముగా గాక చిన్న చిన్న మడిగెల వరుసగా గీయబడినందున అనేక కిరాయిదారులకు చోటిచ్చెను. ప్రణాళికాబద్ధ మిశ్రమమనగా మాలు, చిల్లర మిశ్రమమనగా అస్తవ్యస్తత అని నేడు చేయు విభాగము నిలువదనుటకు ఆ రాతి కమానులే సాక్ష్యము.

విభజన సిద్ధాంతము ఎట్లు వచ్చినది

నివాసమును పనినుండి వేరుచేయవలెనను సిద్ధాంతమునకు పాశ్చాత్య పారిశ్రామిక నగరముల పొగ, మురికి, అంటువ్యాధులు పుట్టినిండ్లు. 1916లో న్యూయార్కు నగరము మండల విభజన శాసనమును చేసెను. 1926లో యూక్లిడ్ గ్రామమునకును ఆంబ్లర్ రియాల్టీ సంస్థకును నడుమ వచ్చిన వ్యాజ్యమున అమెరికా సర్వోన్నత న్యాయస్థానము అట్టి శాసనములు రాజ్యాంగ సమ్మతములని తీర్పు చెప్పెను. 1933 నాటి ఆధునిక వాస్తుశిల్పుల మహాసభ చర్చలనుండి వెలువడి, 1943లో లె కార్బ్యూసియే ప్రచురించిన ఏథెన్సు శాసనపత్రము నగరమునకు నివాసము, వృత్తి, వినోదము, సంచారము అని నాలుగు ధర్మములను చెప్పి, వానికి వేర్వేరు స్థానములను విధించెను.

భారతదేశమున ఈ సిద్ధాంతమునకు రాచబాట వేసినది 1962 నాటి ఢిల్లీ మాస్టరు ప్లాను. ఫోర్డు ఫౌండేషను సహాయముతో, ఆల్బర్టు మేయరు మొదలైన అమెరికను నిపుణుల సలహాతో రూపొందిన ఆ ప్రణాళిక రంగురంగుల పటములలో నివాస, వర్తక, పారిశ్రామిక మండలములను వేరుచేసెను. 1975లో ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతముల అభివృద్ధి చట్టము, దానితోపాటు హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడి, అదే సంవత్సరము పురపాలక ప్రాంతమునకు మాస్టరు ప్లాను అమలులోనికి వచ్చినప్పుడు, ఆ పద్ధతియే ఇచ్చటికిని దిగుమతి అయ్యెను. 1981లో పాతబస్తీ కొరకు కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ ప్రత్యేకముగా నెలకొనినను, పటములోని రంగునకును వీధిలోని వాడుకకును నడుమ దూరము తగ్గలేదు. పటము ఒక గల్లీకి నివాసమను రంగు పూయగా, ఆ గల్లీలో జరీపని, వరక్ కొట్టుట, అగరుబత్తి చుట్టుట యథాప్రకారము సాగుచుండెను. చట్టము దృష్టిలో ఆ పని లేనిదైనది. లేని పనికి రక్షణయు లేదు, తనిఖీయు లేదు.

ప్రతివాదము: గెడ్డిస్ నుండి ఢిల్లీ సీలింగు వరకు

విభజనవాదము బలపడుచున్న కాలముననే దానికి విరుగుడు భారతదేశముననే పలుకబడెను. 1914లో ఈ దేశమునకు వచ్చిన పాట్రిక్ గెడ్డిస్ అనేక పట్టణములకు నివేదికలు వ్రాయుచు, బస్తీలను తెగనరుకు విశాల వీధులకు బదులుగ, అవసరమైన చోట్ల మాత్రమే కొన్ని కట్టడములను తొలగించి, గాలికి, నీటికి, నడకకు చోటుచేసి, మిగిలినదానిని కాపాడు మితమైన పద్ధతిని ప్రతిపాదించెను. 1961లో జేన్ జేకబ్స్ అమెరికా మహానగరములను గూర్చి వ్రాసిన గ్రంథమున వీధి సజీవముగ నుండుటకు నాలుగు నియమములను చెప్పెను: ఒకటికి మించిన ప్రధాన వినియోగములు, పొట్టి వీధి భాగములు, వివిధ వయస్సుల కట్టడములు, తగినంత జనసాంద్రత. వీనిలో మూడవది మన వాదమునకు అత్యంత ముఖ్యము. పాత కట్టడముల కిరాయి తక్కువ గనుక కొత్తగా వ్యాపారము ప్రారంభించువాడు, లాభము స్వల్పమైన వృత్తివాడు వానిలోనే నిలువగలడు. అన్నియు కొత్త కట్టడములే అయిన చోట పెద్ద సంస్థలు మాత్రమే మిగులునని ఆమె తర్కము.

భారతదేశమున ఈ వాదము గ్రంథములనుండి వీధికి దిగినది ఢిల్లీలో. 2006 ఫిబ్రవరిలో ఎం. సి. మెహతా వ్యాజ్యమున సుప్రీంకోర్టు నివాస ప్రాంతములలో నిబంధనలకు విరుద్ధముగ నడుచు వర్తక స్థలములను మూసి ముద్రవేయుమని ఆదేశించెను. వేలాది దుకాణములకు ముప్పు వాటిల్లగా వర్తకులు వీధుల కెక్కిరి. 2007 ఫిబ్రవరిలో ప్రకటింపబడిన ఢిల్లీ మాస్టరు ప్లాను 2021 నిర్దిష్ట వీధులలో మిశ్రమ వినియోగమును విధివిధానములతో అంగీకరించెను. నలుబది యేండ్ల విభజన ప్రణాళిక వీధిలోని వాస్తవమునకు తలయొగ్గెనని ఒకరు దీనిని వ్యాఖ్యానించిరి. చట్టమును ఉల్లంఘించినవారికి బహుమానము దక్కెనని మరొకరు వ్యాఖ్యానించిరి. రెండు వ్యాఖ్యలకును ఆధారము కలదు.

హైదరాబాదు నడచిన దారి

హైదరాబాదు ఢిల్లీవలె మూతలకు పూనుకొనలేదు. రుసుముల మార్గమును పట్టెను. 2006 నాటి భవన నిర్మాణ నియమములు భూమి వైశాల్యమునకును అంతస్తుల మొత్తము వైశాల్యమునకును ఉండవలసిన నిష్పత్తి పరిమితిని తొలగించి, కట్టడము ఎత్తును రోడ్డు వెడల్పునకు, స్థలము పరిమాణమునకు, చుట్టును విడువవలసిన ఖాళీకి ముడివైచెను. 2012 నాటి నియమములు దానినే కొనసాగించెను. 2007లో నగరమున అనేక మార్గములను వర్తక మార్గములుగ ప్రకటించి, ప్రభావ రుసుము చెల్లించినచో ఇంటిని అంగడిగ మార్చుకొనుటకు అవకాశమొసగిరి. అదే సంవత్సరమును, మరల 2015లోను, అనుమతి లేని కట్టడములను రుసుముతో క్రమబద్ధము చేయు పథకములు వచ్చినవి. 2008లో ఏర్పడిన హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ పరిధి ఏడువేల చదరపు కిలోమీటర్లకు మించినది. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారికి ఇరువైపుల కిలోమీటరు మేర భూమి బహుళ ప్రయోజన వినియోగమునకు కేటాయింపబడెను. 2013లో 2031 వరకు మహానగర ప్రణాళిక ప్రకటింపబడెను.

ఇట్లు హైదరాబాదు భారత నగరములలో మిశ్రమమునకు మిక్కిలి ఉదారమైన నియమములుగల నగరమయ్యెను. అయినను ఆ ఔదార్యమును అనుభవించినవారు ఎవరని విచారించినచో, విశాలమైన రోడ్డు, పెద్ద కమతము, రుసుము కట్టు స్తోమత గలవారే యని తేలును. 1998లో సైబర్ టవర్సు లేచిన తరువాత పడమటి దిక్కున పెరిగిన కచేరీల నగరము మొదట పనికే పరిమితమై, ఉదయ సాయంత్రముల రోడ్లను నింపి, పిమ్మట గేటులుగల నివాస సముదాయములను, మాలులను చేర్చుకొనినది. శాలిబండవంటి చోట, నలుబది యాబది గజముల స్థలములలో, వక్ఫు భూములలో, పగిడీ (ముందుగ పెద్ద మొత్తమిచ్చి పొందు) కిరాయిలలో, భాగపంపకములు తెగని వారసత్వములలో, ఉదార నియమము కాగితముపైననే నిలిచెను.

వారసత్వ రక్షణ కథయు ఇట్టిదే. 1995లో పట్టణాభివృద్ధి సంస్థ నియమములకు చేర్చిన 13వ నిబంధన వారసత్వ కట్టడముల జాబితాను రక్షించెను. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము దానిని తొలగించగా, 2017లో వారసత్వ చట్టము దాని స్థానమున వచ్చెను. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనున్న చార్మినారు చుట్టును 100 మీటర్ల వరకు నిర్మాణ నిషేధము, దాని వెలుపల మరి 200 మీటర్ల వరకు నియంత్రణ కలవు. శాలిబండ ఆ వలయములకు ఆవల నున్నది.

నేటి నాలుగు వాదపక్షములు

మొదటిది భద్రతావాదము. నివాసము క్రింద సరుకు నిలువచేయుట ప్రాణాంతకమని ఈ పక్షము చెప్పును. దానికి సాక్ష్యములు కొరవడలేదు. 2022 సెప్టెంబరులో సికిందరాబాదున విద్యుత్ ద్విచక్ర వాహనముల దుకాణమునుండి రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మి ఎనిమిదిమందిని బలిగొనెను. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాటులో ఇండ్ల క్రింద నిలువచేసిన రసాయనముల పీపాలు తొమ్మిదిమంది మరణమునకు కారణమయ్యెను. 2025లో గుల్జార్ హౌజ్. ఈ పక్షము కోరునది వర్తకమును, ముఖ్యముగ గిడ్డంగులను, నగరము వెలుపలికి తరలించుట.

రెండవది విపణి స్వేచ్ఛావాదము. ఏ స్థలమున ఏమి ఉండవలెనో భూమి విలువ నిర్ణయింపవలెను గాని పటము నిర్ణయింపరాదని, నిషేధములు లంచములకు తావిచ్చునని, కృత్రిమ కొరతవలన కిరాయిలు పెరుగునని ఈ పక్షము వాదించును. హైదరాబాదులో ఇండ్ల ధరలు ముంబయితో పోల్చిన అందుబాటులోనుండుటకు ఎత్తు పరిమితుల సడలింపు ఒక కారణమని వీరు చూపుదురు.

మూడవది రవాణా కేంద్రవాదము. స్టేషనుకు నడచి చేరగల దూరములో సాంద్రత పెరిగినచో ప్రయాణికులు పెరుగుదురు, భూమి విలువ పెరుగుదలనుండి మెట్రోకు పెట్టుబడి కొంత తిరిగి వచ్చును. 2017లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మెట్రో విధానము, స్టేషను కేంద్రిత అభివృద్ధి విధానము రెండును ఈ తర్కముపై నిలిచినవి. మెట్రో తొలిదశ ఒప్పందముననే సంస్థకు స్థలాభివృద్ధి హక్కు ఇయ్యబడి, పంజాగుట్ట, ఎర్రమంజిలు, హైటెక్‌సిటీ, మూసారాంబాగులలో మాలులు లేచినవి.

నాలుగవది పరిరక్షణ, జీవికల వాదము. వీధి రూపమును కాపాడవలెననువారు, వీధిలోని బ్రతుకును కాపాడవలెననువారు ఇందు కలసి నడచుచున్నను, వారి మార్గములు అన్నిచోట్ల ఒకటి కావు. చార్మినారు పరిసరములను పాదచారుల ప్రాంతముగ మార్చు ప్రణాళికలో ఈ చీలిక బయటపడినది: కట్టడము చుట్టు ఖాళీ కోరువారికి తోపుడుబండి అడ్డము, జీవిక కోరువారికి, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టము గుర్తించిన సహజ సంతయే నగర వారసత్వము.

పక్షముల తులనాత్మక సంగ్రహము

ఒక్కొక్క పక్షము చూపు మేలును, విడుచు లోపమును ఇట్లు సంగ్రహింపవచ్చును.

భద్రతావాదము: రక్షించునది ప్రాణము, విస్మరించునది, గిడ్డంగిని తరలించగలిగినను ఇంటిలో కుట్టు, తాపు, చుట్టు స్త్రీల పనిని తరలింపలేమను సత్యము. దానికి ప్రమాణము పత్థర్‌గట్టి పూర్వపు బస్తీల తొలగింపు.

విపణి స్వేచ్ఛావాదము: రక్షించునది సరఫరా, స్తోమతకు తగిన ధర, విస్మరించునది, హక్కు పత్రము తేటగాలేని చోట విపణి పనిచేయదనుట. దానికి ప్రమాణము పడమటి హైదరాబాదు.

రవాణా కేంద్రవాదము: రక్షించునది ప్రయాణ కాలము, ప్రభుత్వ పెట్టుబడి, విస్మరించునది, పెరిగిన భూమి విలువ పాత కిరాయిదారునకు లాభము గాక తొలగింపు కాగలదనుట. దానికి ప్రమాణము స్టేషను మాలు.

పరిరక్షణ, జీవికల వాదము: రక్షించునది వీధి, వృత్తి, విస్మరించునది, ఉన్న మిశ్రమములో దాగిన అపాయము, దోపిడి. దానికి ప్రమాణము లాడ్‌బజారు.

నాలుగింటిని ప్రక్కప్రక్కన నుంచినప్పుడు ఒక విషయము స్పష్టమగును. వర్తకమును నివాసమును కలుపవచ్చునా కూడదా అను ప్రశ్నపై వీరికి నిజముగ విభేదము స్వల్పము. విభేదమంతయు ఏ పరిమాణమున కలుపవలెను, కలిపిన దానిపై హక్కు ఎవరిది, దాని హానిని ఎవరు తనిఖీ చేయవలెను అను మూడు అంశములపై నున్నది.

తేలని ప్రశ్నలు

మొదటి ప్రశ్న అగ్నికి సంబంధించినది. పైని పేర్కొనిన దుర్ఘటనలలో ప్రాణములను తీసినది వర్తకమా, వర్తకముతోపాటు వచ్చిన మూడు పరిస్థితులా అను విచారణ పూర్తి కావలసియున్నది: మండు సరుకును నిలువచేయుట, విద్యుత్ భారము తీగల శక్తికి మించుట, బయటికి ఒక్కటే ఇరుకు మెట్ల దారి యుండుట. ఈ మూడును లేని మిశ్రమ కట్టడము సురక్షితము; ఇవి ఉన్న కేవల నివాసము సైతము అపాయకరము. అట్లయిన వినియోగమును నిషేధించుటకంటె హానిని నిషేధించుట సమంజసము. అయినను ఆరడుగుల గల్లీలో రెండవ మెట్ల దారికి చోటెక్కడ, దాని ఖర్చు యజమానిదా కిరాయిదారుదా నగరముదా అను ప్రశ్నకు ఏ పక్షమువారును ఇంతవరకు తృప్తికరమైన సమాధానము చెప్పలేదు.

రెండవ ప్రశ్న రోడ్డు వెడల్పు. మెట్రోకొరకు శాలిబండ మార్గమును 100 అడుగులకును, స్టేషనుల చెంత 120 అడుగులకును వెడల్పు చేయ నిర్ణయించిరి; ఈ విస్తరణవలన సుమారు 1,100 ఆస్తులు ప్రభావితములగునని లెక్కించిరి; చదరపు గజమునకు 81,000 రూపాయల పరిహారమును ప్రకటించిరి. ఇచ్చట రవాణా నిర్ణయముగ కనబడునది నిజమునకు భూవినియోగ నిర్ణయము. హైదరాబాదు నియమములలో కట్టడము ఎత్తు రోడ్డు వెడల్పుపై ఆధారపడును గనుక, రోడ్డు వెడల్పగుటతోడనే దాని అంచు స్థలములకు ఎత్తు పెంచు అవకాశము, ఏ మండల సవరణయు, ఏ బహిరంగ విచారణయు లేకయే సంక్రమించును. కాని రోడ్డుకు పోగా మిగిలిన చిన్న ముక్కలో విడువవలసిన ఖాళీ విడిచి కట్టుటకు చోటు చాలదు. ప్రక్క ముక్కలను కలిపి కొనగలవానికే ఆ ఎత్తు దక్కును. మడిగెల వరుస స్థానమున ఒక్క పెద్ద సముదాయము లేచుటకు ఇంతకంటె ప్రోత్సాహము అక్కరలేదు. కాగా, పాతబస్తీలో చీలిన వారసత్వములు, వక్ఫు హక్కులు అట్టి కలయికను ఎంతవరకు నిలువరించునో చెప్పుట సులభము కాదు. తరచుగా అభివృద్ధికి ఆటంకముగ చెప్పబడు ఈ చిక్కులే చిన్న మడిగెలకు అనుకోని రక్షణ కావచ్చును.

మూడవ ప్రశ్న కిరాయిదారు. చదరపు గజము లెక్క యజమానికి వర్తించును. పగిడీ ఇచ్చి తరతరములుగ ఒక మడిగెలో వ్యాపారము చేయువాని నష్టము గజములలో కొలువబడదు. వాని వాడుకదారులు, అప్పుసప్పులు, ఆ చోటికి గల పేరు అతని ఆస్తి. 2013 నాటి భూసేకరణ చట్టము భూమిలేకున్నను జీవిక కోల్పోవు కిరాయిదారులను బాధిత కుటుంబములలో చేర్చినది. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టము ఖాళీ చేయించుటకు హద్దులు పెట్టినది. ఈ రెండింటిని కలిపి చదువుట, కాగితములేని కిరాయిదారునకు అన్వయించుట ఇంకను పరిష్కరింపబడని కార్యము.

నాలుగవ ప్రశ్న ఇంటిలోని పని. గృహవృత్తిని స్వేచ్ఛగా విడువవలెనను వాదమునకు ఎదురుగా 2015 జనవరిలో పాతబస్తీ భవానీనగరు ప్రాంతమున గాజుల కార్ఖానాలనుండి బీహారు బాలలను రెండువందలకు పైగా పోలీసులు విడిపించిన సంగతి నిలిచియున్నది. కాపురముల నడుమ తలుపుమూసి సాగు పని ఎవరికంటను పడదు. అదే ఇల్లాలికి సౌకర్యము, బాలునికి శాపము. పనిని నిషేధింపక తనిఖీని రప్పించు మార్గమేదో, దానికి పురపాలక సంఘము కర్తయా కార్మిక శాఖ కర్తయా అనునది తేలలేదు.

అయిదవ ప్రశ్న అధికారమునకు చెందినది. పటము మహానగర సంస్థది, అనుమతి పురపాలక సంస్థది, రోడ్డు మెట్రోది, స్మారకము పురావస్తు శాఖది, అగ్ని మరియొక శాఖది, అనేక స్థలములు వక్ఫు బోర్డువి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ వార్డు సమితులను, మహానగర ప్రణాళికా సమితులను ఊహించినది. ఒక్క వీధికి ఒక్క ప్రణాళికను గీయు చోటు మాత్రము నేటికిని ఏర్పడలేదు.

ఉపసంహారము

నూరేండ్ల వాదమునుండి కొంత తేలినది, కొంత తేలలేదు. వినియోగములను పటముపై వేరుచేయుట దక్షిణాసియా నగరములలో వీధిని మార్చలేదని, దానిని చట్టము కంటికి మాత్రమే కనబడకుండ చేసినదని ఇప్పుడు దాదాపు అన్ని పక్షములు అంగీకరించును. మిశ్రమమును ఎల్లెడల అనుమతించుటయు స్వయముగ మేలు కాదని, పెద్ద కమతముగలవారికే ఆ మేలు దక్కునని హైదరాబాదు అనుభవము చూపుచున్నది. తేలవలసినది పరిమాణము, హక్కు, తనిఖీ.

శాలిబండ విషయమున ఈ మూడింటికి క్రమము ముఖ్యము. స్టేషను స్తంభములు లేచిన తరువాత కిరాయిదారులను లెక్కించుట, సముదాయములు లేచిన తరువాత మడిగెల పరిమాణమును గూర్చి చింతించుట, మరియొక అగ్నిప్రమాదము తరువాత మెట్లదారులను కొలుచుట నిష్ఫలము. రోడ్డు విస్తరణకు ముందే ఆ మార్గపు కట్టడములలో ఎవరు కాపురమున్నారు, ఎవరు వ్యాపారము చేయుచున్నారు, ఏమి నిలువ ఉన్నది, బయటికి దారియెంత అను వివరముల పట్టిక సిద్ధమై, విస్తరణవలన పెరుగు ఎత్తు హక్కును చిన్న ముఖద్వారముల వరుసకు కట్టుబడినవారికే ఇయ్యవలెనను షరతు ముందుగ ప్రకటింపబడినచో, విభజనవాదుల భయమునకును మిశ్రమవాదుల ఆశకును ఒక్క ప్రణాళికలో చోటు దొరకును. ఆ షరతు లేక సాగిన విస్తరణ, ఏ పక్షము వాదమును వినకయే, వాదమును తానే తీర్మానించును.